మాటల ఆట - చూపరుల మాట

ఏ ఆటను గూర్చియైనను ఆడువారు పలుకు మాటలకంటె చూచువారు పలుకు మాటలే ఎక్కువ. కోడిపందెము మొదలుకొని చదరంగము వరకు ఇదే రీతి. బరిలో నున్నవాడు మౌనముగా నుండును. గట్టుమీద నున్నవాడు గొంతు చించుకొనును. అయితే ఆడువారు ఇద్దరే యయి, చూచువారు లక్షలాదిగా నుండి, ఆటవస్తువు ఆ లక్షలమంది నిత్యము నోట పలుకు భాషయే అయినపుడు చూపరుల మాటకు వేరొక బరువు వచ్చుచున్నది. బ్రిటన్ దేశపు టెలివిజన్‌లో 1982వ సంవత్సరము నవంబరు 2వ తేదీన ప్రారంభమై నేటికిని సాగుచున్న ‘కౌంట్‌డౌన్’ అను పదక్రీడను గూర్చి అచటి ప్రేక్షకులు 4 దశాబ్దములకు పైగా వెల్లడించుచున్న అభిప్రాయములు ఈ కారణముచేతనే భాషాభిమానులు, అందును ఉపాధ్యాయులు, గమనింపదగినవి.

ఆట స్వరూపము మిక్కిలి సరళము. అక్షరముల పలకలు రెండు దొంతరలుగా నుండును. ఒకదానిలో అచ్చులు, వేరొకదానిలో హల్లులు. పోటీదారులలో ఒకరు అచ్చు కావలెననియో హల్లు కావలెననియో కోరుచు 9 పలకలను వరుసగా తీయింతురు. గడియారపు ముల్లు 30 సెకండ్లు తిరుగును. ఆ ముల్లు ఆగునంతలో ఆ 9 అక్షరములతో వీలైనంత పొడుగైన మాటను ఇద్దరును కూర్పవలెను. మాటలో ఎన్ని అక్షరములో అన్ని మార్కులు; తొమ్మిదింటిని వాడగలిగినవానికి 18. పొడుగు మాట చెప్పినవానికే ఫలము; సమానమైనచో ఇరువురికిని. నడుమ నడుమ లెక్కల వంతు వచ్చును. 6 సంఖ్యలిచ్చి, కూడికతో తీసివేతతో గుణకారముతో భాగహారముతో ఒక మూడంకెల సంఖ్యను సాధింపుమందురు. తుట్టతుదకు తారుమారైన 9 అక్షరముల చిక్కుపదమొకటి. ముందుగా విప్పినవానికి 10 మార్కులు.

గెలిచినవానికి దక్కునదేమి? ఒక టీపాత్ర. శ్రేణి యంతటిలో విజేతగా నిలిచినవానికి ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు 20 సంపుటములు ఇచ్చు సంప్రదాయము చిరకాలము నడచినది. కోట్ల రూపాయల కొలది ధనము కుమ్మరించు పోటీలు ప్రపంచమంతట వెలసిన కాలమున, మాటలాడి గెలిచినవానికి మాటల మూటనే బహూకరించుటలో ఒక ఔచిత్యమున్నది. ఈ ఆటలో ధనాశ లేదు గనుకనే దానిపై వచ్చు విమర్శలోను అసూయ లేదు. ఫలానివానికి డబ్బు పోయినదని వగచువారు లేరు. ఫలాని మాట తప్పిపోయినదని వగచువారే యెందరో.

ఈ ఆట బ్రిటన్‌లో పుట్టినది కాదు. ఫ్రాన్సు దేశమున ఆర్మాన్ జమ్మో అను నిర్మాత 1965లో ‘అన్నింటికంటె పొడుగైన మాట’ అను అర్థము గల పేరుతో దీనిని నెలకొల్పెను. 1972లో దానికి లెక్కలు గూడ తోడై ‘అంకెలు, అక్షరములు’ అను అర్థము గల కొత్త పేరు వచ్చినది. గ్రామఫోను రికార్డుల వ్యాపారములో నుండిన మార్సెల్ స్టెల్‌మన్ దానిని చూచి ముచ్చటపడి ఇంగ్లీషు గడ్డకు చేర్చెను. లీడ్స్ నగరమున యార్క్‌షైర్ టెలివిజన్ వారు రూపొందించిన ఆ కార్యక్రమమే ‘ఛానల్ ఫోర్’ అను నూతన ప్రసారసంస్థ తొలినాడు తొలుత చూపిన కార్యక్రమమైనది. మాటలతో మొదలిడిన సంస్థకు ఆ మాటలే చిరకాలపు గుర్తులైనవి.

చూపరులు ఇంతగా అభిప్రాయములు వెలిబుచ్చుటకు మూలకారణమేమి? ఈ ఆటలో చూపరి కేవలము చూపరి కాడు. క్రికెట్టు చూచువాడు బంతిని కొట్టజాలడు. నాటకము చూచువాడు వేషము కట్టజాలడు. కాని కౌంట్‌డౌన్ చూచు వృద్ధురాలు తన కుర్చీలో కూర్చుండియే ఆ 9 అక్షరములతో, ఆ 30 సెకండ్లలోనే, ఆ ఆటనే ఆడుచున్నది. పెన్సిలు ముక్కయు పాత కవరును చాలును. వేదికపైని ఆటగాడు 6 అక్షరముల మాటకు తృప్తిపడినపుడు తాను 7 అక్షరముల మాటను పట్టినచో ఆమె ఆనందమునకు మేర లేదు. పందెమున తానును భాగస్వామియే గనుక తీర్పునందును తనకు హక్కున్నదని ఆమె తలచుట సహజము. ఆమె ఫిర్యాదు బయటి వ్యక్తి పలుకు తప్పుమాట కాదు, ఇంటివారు పలుకు చనవుమాట.

ఈ అభిప్రాయములను విడదీసి చూచినచో అవి రెండు తెగలుగా కనబడును. మొదటి తెగ వ్యక్తులను గూర్చినది. రెండవది నియమములను గూర్చినది.

వ్యక్తులను గూర్చిన మాటలే పెద్దగా వినబడును. తొలినాటి నుండి 23 సంవత్సరములపాటు కార్యక్రమమును నడిపిన రిచర్డ్ వైట్లీ 2005వ సంవత్సరము జూన్ 26వ తేదీన మరణించెను. రంగురంగుల కోటులు, మెడపట్టీలు, శ్లేషలతో నిండిన ఛలోక్తులు ఆయన సొత్తు. ఆ శ్లేషలను విని మూలిగినవారే ఆయన పోయిన పిదప అవి లేని లోటునకు వగచిరి. ఆ తరువాత డెస్ లైనమ్, డెస్ ఓకానర్, జెఫ్ స్టెల్లింగ్, నిక్ హ్యూవర్, ఆన్ రాబిన్సన్ ఒకరి వెనుక ఒకరు ఆ పీఠమున కూర్చుండిరి. 2022 నుండి కాలిన్ ముర్రే నడుపుచున్నాడు. పలకలు తీయుచు లెక్కలు విప్పుచు 26 సంవత్సరములు నిలిచిన కెరోల్ వోర్డర్‌మన్ 2008లో తప్పుకొనెను. ఆక్స్‌ఫర్డులో గణితము చదివిన రేచల్ రైలీ 2009లో ఆ స్థానమునకు వచ్చెను. ప్రతి మార్పునకును ఒకే పాట: ‘మునుపటివారి వలె లేదు.’ ఒకరి చమత్కారము చాలదనిరి, వేరొకరిది మితిమీరెననిరి. ఆన్ రాబిన్సన్ మాట పదును కొందరికి హుషారు గొలిపినది, కొందరికి గుచ్చుకొన్నది. పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి యన్న సామెత ఇచట సార్థకము.

కాని కాలము గడచినకొలది ఏమి జరిగినది? కొత్తవారు పాతవారైరి. నిన్న అలవాటు లేని ముఖము నేడు లేనిదే తోచని ముఖమైనది. రైలీ గారి విషయముననే చూడుడు. ఆమె వచ్చిననాడు వోర్డర్‌మన్‌తో పోల్చి పెదవి విరిచినవారు గలరు. నేడు ఆమె లేని కార్యక్రమము నూహింపజాలని తరము పెరిగినది. వ్యక్తులను గూర్చిన అసమ్మతి అబద్ధము కాదు గాని అది వియోగదుఃఖమునకు మారుపేరు. దానికి విరుగుడు వాదము కాదు, కాలము.

రెండవ తెగ అభిప్రాయములు ఇంత బిగ్గరగా వినబడవు. కాని సారమంతయు వానిలోనే యున్నది. ఏది మాట, ఏది కాదు? ఈ ప్రశ్నకు తీర్పరి నిఘంటువు. వేదికకు ఒక ప్రక్క ‘నిఘంటువు మూల’ యని ఒక స్థానమున్నది. అచట 1992 నుండి కనబడుచున్న సూజీ డెంట్, పోటీదారు పలికిన మాట నిఘంటువున గలదో లేదో చూచి చెప్పును. ఆమె గలదనినచో గలదు, లేదనినచో లేదు. సంజ్ఞానామములు చెల్లవు. నడుమ గీత గల సమాసములు చెల్లవు. అమెరికా వారి వర్ణక్రమము చెల్లదు. ఆటగాడు ఎంత గొప్పవాడైనను, నిర్వాహకుడు ఎంత దయాళువైనను ఈ తీర్పునకు తిరుగు లేదు.

ఇచటనే చూపరుల నడుమ నిజమైన చర్చ పుట్టుచున్నది. తమ పల్లెలో నిత్యము వినబడు మాట నిఘంటువున లేదని త్రోసివేసినపుడు కొందరు నొచ్చుకొందురు. నిన్నమొన్న యువకుల నోట పుట్టిన మాట నిఘంటువున కెక్కి చెల్లుబడి యైనపుడు వేరొకరు నొసలు చిట్లింతురు. ‘నోట నున్నది పుస్తకమున లేదేమి?’ యని మొదటివారు, ‘ఇదియు నొక మాటయేనా?’ యని రెండవవారు. సభ్యముగాని మాట నిఘంటువున నున్నది గదా, దాని నంగీకరింపవలెనా వలదా యన్నది మరియొక సందేహము. అక్షరములు తీయువారి చేతిలో లేనందున ఒక్కొక్కసారి అట్టి మాటలు వాటంతటవే పలకపై ఏర్పడి అందరిని నవ్వించిన ఘట్టములును లేకపోలేదు. ఈ చర్చ యంతయు నిఘంటు నిర్మాణశాస్త్రమున పండితులు చేయు చర్చయే. తేడా యేమన, ఇచట దానిని చేయువారు పండితులు కారు; మధ్యాహ్నపు టీ త్రాగుచున్న సామాన్యులు.

ఇంతకంటె లోతైన ప్రశ్న వేరొకటి గలదు. మాట చెప్పినవానికి దాని అర్థము తెలిసియుండవలెనా? ఆట నియమము ప్రకారము అక్కరలేదు. మాట ఉన్నదా లేదా యన్నదే చాలును. ఇటీవలి సంవత్సరములలో సాధన పెరిగి, అరుదైన మాటల పట్టికలను కంఠస్థము చేసికొని వచ్చు పోటీదారులు హెచ్చినారు. వారి నేర్పునకు అబ్బురపడి చప్పట్లు చరచువారు ఒక వైపు. అర్థము తెలియని మాటలను అప్పగించుట భాషాజ్ఞానమెట్లగునని ప్రశ్నించువారు వేరొక వైపు. పూర్వము సామాన్యునికిని అందుబాటులో నున్న ఆట ఇపుడు ఆరితేరినవారి సొత్తయినదని వారి వగపు.

ఇరు పక్షములందును న్యాయమున్నది. నియమమున్నంతలో దానిని సంపూర్ణముగా సాధించినవానిని తప్పుపట్టుట తగదు. అమరకోశమును వల్లించిన బాలునికి ప్రతి పర్యాయపదమునకును ప్రయోగము తెలియనంత మాత్రమున ఆ వల్లింపు వ్యర్థమనువారెవరు? కాని అర్థము లేని మాట గింజ లేని పొల్లు వంటిదన్న మాటయు సత్యమే. కార్యక్రమము వారు దీనికి కనుగొన్న మార్గము వివేకవంతమైనది. నియమమును మార్పలేదు, ప్రక్కనే మాటల పుట్టుకను గూర్చి సూజీ డెంట్ వివరించు ఘట్టమొకటి నెలకొల్పిరి. ఒక పదము ఏ దేశము నుండి వచ్చినది, ఏ వృత్తివారి నోట నలిగినది, మొదట ఏ అర్థమున నుండి నేడు ఏ అర్థమునకు జరిగినది యని ఆమె చెప్పును. ఆట మాటను లెక్కించును. ఈ ఘట్టము మాటను పలుకరించును. మార్కులు మరచిపోయినవారును ఆ కథను మరువరు.

2012 నుండి హాస్యనటులు ఈ ఆటనే ఆడుచు రాత్రివేళ ప్రసారమగు వినోదరూపమొకటి వెలువడినది. అందు పలకలు అవియే, గడియారము అదియే, నిఘంటువు మూలయు అదియే. మోటుహాస్యము మితిమీరినదని పాత ప్రేక్షకులలో కొందరికి అది రుచింపలేదు. కొత్త ప్రేక్షకులకో, మధ్యాహ్నపు అసలు ఆటకు అదియే దారి చూపినది. గమనింపదగిన విషయమేమన, హాస్యము ఎంత విచ్చలవిడిగా నున్నను మాట చెల్లునా చెల్లదా యన్నచోట ఆ విదూషకులును నిఘంటువునకే తలయొగ్గుదురు.

ఇక వేళను గూర్చిన ఫిర్యాదులు. ప్రసారపు వేళను ముందునకు జరిపినపుడెల్ల బడిపిల్లలు నొచ్చుకొనిరి. తాము ఇల్లు చేరునప్పటికి ఆట ముగియుచున్నదని వారి మొర. పైకి చిన్న విషయమే. కాని నిత్యము ఒకే వేళకు తాతయు మనుమడును కూర్చుండి ఒకే పలక వంక చూచు అలవాటు ఏర్పడుటకు ఏండ్లు పట్టును. చెడుటకు ఒక్క ఉత్తరువు చాలును.

ఈ సత్యమునకు ఫ్రాన్సు దేశమే సాక్షి. అచట మాతృరూపమైన కార్యక్రమము అర్ధశతాబ్దమునకు పైగా నడచినది; దానికై ఊరూర క్లబ్బులు వెలసినవి. 2022లో దినదినము వచ్చు ఆటను వారాంతములకు పరిమితము చేసిరి. అదే సంవత్సరము దశాబ్దములుగా తీర్పరులుగా నుండిన బెర్ట్రాన్ రెనార్, ఆరియెల్ బూలాఁ-ప్రా ఇరువురును ఆ స్థానములను విడిచిరి. పాత ప్రేక్షకులు తమ అసంతృప్తిని దాచుకొనలేదు. 2024లో ఆట ముగిసినది. ప్రేక్షకులు తగ్గుట కారణమని చెప్పబడినది. అది నిజమే కావచ్చును. కాని దినచర్యగా నున్నదానిని అప్పుడప్పటి సంగతిగా చేసిన పిదప ప్రేక్షకులు తగ్గిరనుట, నీరు కట్టి మొక్క వాడినదనుట వంటిదే గదా! బ్రిటన్‌లో నిర్వాహకులు పలుమారులు మారినను దినదినపు నడక తప్పలేదు, నియమము చెడలేదు, ఆట నిలిచినది. 2014లో 6,000వ భాగమును దాటి నేటికిని సాగుచున్నది. రెండు దేశముల అనుభవము నుండి తేలున దొక్కటే: ముఖములు మారినచో ప్రేక్షకుడు అలుగును గాని మరల వచ్చును, నడకయు నమ్మకమును చెడినచో అలుగకయే వెడలిపోవును.

కావున చూపరుల అభిప్రాయమును మన్నించుటయన్న ప్రతి కేకకును తలయూపుట కాదు. వ్యక్తులను గూర్చిన మాటను ఓర్పుతో వినవలెను. నియమమును గూర్చిన మాటను శ్రద్ధతో వినవలెను. మొదటిది ప్రేమ, రెండవది విశ్వాసము. ప్రేమ పాత్రను మార్చుకొనగలదు. విశ్వాసము ఒకమారు తప్పినచో తిరిగి రాదు.

ఈ విషయము తెలుగువారికి కొత్త గాదు. మాటల ఆటను సభగా తీర్చిన జాతి వీరిది. అవధానసభలో నిషిద్ధాక్షరి నడచునపుడు పృచ్ఛకుడు అడుగడుగున ఒక అక్షరమును వలదనుచుండును. అవధాని ఆ అడ్డు తప్పించుకొని పద్యమును నడుపును. దత్తపదిలో పొందిక లేని 4 మాటలనిచ్చి పద్యమున పొదుగుమందురు. తిరుపతి వేంకటకవుల కాలమున ఊరూర జనము క్రిక్కిరిసి ఆ సభలను చూచిరనిన, వారికి యతిప్రాసల నియమము చెవికి తెలిసినందుననే. తప్పు దొర్లినచో పట్టగల చూపరి యున్నపుడే ఒప్పునకు చప్పట్లు విలువైనవగును. కౌంట్‌డౌన్ వేదికకును అవధాన వేదికకును స్వరూపభేద మెంతయైనను, చూపరికి నియమము తెలిసియుండుట యన్న పునాది ఒక్కటే.

అయితే ఒక్క లోటు కలదు. అచట వాదము వచ్చినపుడు ఇరువురును తలవంచు పుస్తకమొకటి యున్నది. ఆ పుస్తకము ఎప్పటికప్పుడు కొత్త మాటలను చేర్చుకొనుచున్నది. తెలుగున బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము 1885 నాటిది. సూర్యరాయాంధ్ర నిఘంటువు తొలి సంపుటము 1936లో వెలువడినది. రెండును మహోపకారకములే. కాని బస్సును, సినిమాను, ఓటును నిత్యము పలుకు విద్యార్థి, ఈ మాటలు చెల్లునా యని శబ్దరత్నాకరము నడిగిన అది ఏమి చెప్పగలదు? భద్రిరాజు కృష్ణమూర్తిగారి వ్యవసాయ పదకోశము 1962లో వెలువడి రైతు నోటి మాటలకు గౌరవము కల్పించినది. ఆ దారిలో నడక నిత్యము సాగవలసియున్నది.

పాఠశాలలో ఈ ఆట నాడించుట కష్టము కాదు. ఖర్చు అంతకన్న లేదు. అట్టముక్కలపై అక్షరములు వ్రాసి 9 తీసిన చాలును. కాని వెంటనే విద్యార్థులు వాదమునకు దిగుదురు. ‘క’ పలక వచ్చినచో దానిని ‘కి’ యనియు ‘కు’ యనియు వాడవచ్చునా? వాడవచ్చుననినచో ఆట మరీ సుళువు. కూడదనినచో మరీ కష్టము. ‘చెట్టు’ చెల్లునపుడు ‘చెట్లలో’ చెల్లునా? సంధి కలిసిన రూపము ఒక మాటయా, రెండు మాటలా? ‘అమ్మమ్మ’ చెల్లునని ఒకడు, అది రెండు మాటల కూడిక యని వేరొకడు. ఈ వాదమును ఉపాధ్యాయుడు అల్లరియని అణచివేసినచో ఒక గంట నిశ్శబ్దముగా గడచును. ‘మీరే ఆలోచించి ఒక నియమము చేయుడు, చేసిన పిదప దానికి కట్టుబడుడు’ అని నల్లబల్లపై వ్రాయించినచో గుణింతము, విభక్తి, సంధి, సమాసము అన్నియు ఆ గంటలోనే బోధపడును. సూత్రముగా చెప్పిన వ్యాకరణము పరీక్షవరకు నిలుచును. తగవులో నేర్చిన వ్యాకరణము జీవితాంతము నిలుచును.

ఒక భాష క్షేమముగా నున్నదనుటకు గుర్తు దానిని పొగడు సభలు కావు. ఒక మాట చెల్లునా చెల్లదా యని సామాన్యులు పట్టుదలతో వాదించుకొనుటయే గుర్తు. టీపాత్ర కొరకు జరుగు పోటీని చూచుచు, తన పల్లెమాటను త్రోసివేసిరని కోపగించి లేఖ వ్రాయు ముదుసలి ఆ భాషకు పెట్టని కోట. ఆమె కోపమును చూచి నవ్వరాదు. తరగతిలో ‘మా యింట ఇట్లే అందుమండి’ యని లేచి నిలిచిన బాలుని నోరు మూయించుటకు ముందు ఆమెను ఒక్కమారు తలచుకొనుట మంచిది. ఆ బాలుని మాట నిఘంటువున నుండకపోవచ్చును. కాని అడుగవలెనన్న పట్టుదల ఆ బాలునిలో నున్నంతవరకు నిఘంటువున నున్న మాటలకును ప్రాణముండును.